కొలువు మెట్టు మీద గుర్రప్పిల్ల

నాయనా,

నిన్న రాత్రి ఫోన్‌లో అంతసేపు నీళ్లు నమిలి, చివరికి "పెద్దమ్మా, నేను కూడా పోనీలు చూస్తాను" అన్నావు చూడు, సంతోషంతో నాకు మాట రాలేదు. కోపం వచ్చిందేమో అనుకుని నువ్వు గబగబా ఫోన్ పెట్టేశావు. పన్నెండేళ్లు దాటింది నేను 'మై లిటిల్ పోనీ' అనే బొమ్మల సీరియల్‌లోని ఈ గుర్రప్పిల్లల వెంట పడి. మన చుట్టాల్లో ఒక్కరికైనా అందులోని ఆ ఆరు ముఖ్యమైన పోనీల పేర్లు తెలుసా? ఇరవై ఆరేళ్ల నా చెల్లెలి కొడుకు చిత్తూరులో తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే చూస్తున్నాడని నాకెట్లా తెలుస్తుంది?

రెండు విషయాలు అడిగావు. అమ్మకు ఎట్లా చెప్పాలి అన్నది ఒకటి. గ్రూప్‌లో పరిచయమైన పదిమందినీ తిరుపతిలో ఒకచోట కలపాలంటే ఏం చేయాలి అన్నది రెండోది. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మరిచిపోతాను, అందుకే రాస్తున్నాను. ఆ ఆరుగురిలో ఒకతి, ట్వైలైట్ స్పార్కిల్ కూడా తను నేర్చుకున్నదంతా ఉత్తరం రాసే కదా తన గురువు సెలెస్టియాకు పంపేది.

ముందు అమ్మ సంగతి. మీ అమ్మకు నీ మీద కోపం లేదు, టెన్షన్ ఉంది. తలుపు వెనక కొడుకు ఏం చూస్తున్నాడో తెలియని తల్లికి మనసులో వంద వస్తాయి, అందులో తొంభై తొమ్మిది చెడ్డవే. దాచిన కొద్దీ మంచి పని కూడా తప్పు పనిలా కనిపిస్తుంది. నేనూ దాచాను. 2012లో మీ అక్కకు తొమ్మిదేళ్లు, తన పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాను. తను పెద్దదై వదిలేసింది, నేను వదల్లేకపోయాను. రెండేళ్లు మీ పెదనాన్నతో "పాప కోసం" అని అబద్ధం చెప్పాను. ఒకరోజు ఆయనే వచ్చి పక్కన కూర్చుని ఒక ఎపిసోడ్ మొత్తం చూసి, "ఆ పసుపు రంగు పిల్ల మరీ భయస్తురాలు, పాపం" అన్నారు. ఫ్లటర్‌షై గురించి. అంతే, నా రెండేళ్ల భయం ఆ ఒక్క మాటతో పోయింది.

కాబట్టి అమ్మకు వివరించబోకు, చూపించు. మొదటి సీజన్‌లో పోనీల ఊరు పోనీవిల్ వాళ్లంతా కలిసి చలికాలాన్ని చేతులతో ఊడ్చి పంపించే ఎపిసోడ్ ఉంది, నీకు తెలుసు. ట్వైలైట్ ఏ పనికి పోయినా చెడగొట్టి, చివరికి ఎవరు ఏ పని చేయాలో పురమాయించే పనిలో కుదురుకుంటుంది. మన ఇళ్లలో పెళ్లిళ్లన్నీ ఒంటిచేత్తో నడిపిన మీ అమ్మకు అది చూస్తే ఎవరు గుర్తొస్తారో నువ్వే చూడు. పోనీ అనే మాట ఆమెకు కొత్త, "పోనీలే" అనడం మాత్రం బాగా వచ్చు.

"పిల్లల బొమ్మలు నీకెందుకురా" అని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. అప్పుడు బొమ్మల కొలువు గుర్తు చెయ్యి. ప్రతి దసరాకూ పెట్టె దించి, ఎర్రచందనం కొయ్యబొమ్మల జంటను మెత్తటి గుడ్డతో తుడిచి, రాణి బొమ్మకు చిన్న జరీ ముక్క చీరలా చుట్టేది ఎవరు? మీ అమ్మే. మీ తాత అరవై దాటాక కూడా చందమామ రాగానే ముందు భేతాళ కథ చదివేసి, తర్వాతే మాకు ఇచ్చేవాడు. 1947లో పిల్లల కోసం మొదలైన పత్రిక అది. దాన్ని పెద్దలు చదివితే ఎవరూ నవ్వలేదు.

అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. గ్రూపుల్లో కొందరు "ఇది నిజానికి పెద్దవాళ్ల కోసం తీసింది, పిల్లలకు అర్థం కాదు" అని వాదిస్తారు. అమ్మ ముందు ఆ వాదన ఎత్తకు, ఎవరి ముందూ ఎత్తకు. హాస్‌బ్రో కంపెనీ 1980లలో ఆడపిల్లల కోసం అమ్మిన బొమ్మలవి. చిన్నప్పుడు వాటితో ఆడుకున్న లారెన్ ఫాస్ట్ పెద్దయ్యాక వాటికి కొత్త కథ కట్టింది. 2010 అక్టోబర్ 10న మొదటి ఎపిసోడ్ వచ్చింది, 2019 అక్టోబర్‌లో తొమ్మిదో సీజన్‌తో అయిపోయింది. మధ్యలో నీలాంటి కుర్రాళ్లు వేలమంది చేరి తమకు తాము బ్రోనీలు అని పేరు పెట్టుకున్నారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2019 ఆగస్టులో జరిగిన వాళ్ల చివరి సమ్మేళనం బ్రోనీకాన్‌కు పదివేల పైచిలుకు మంది వచ్చారు. ఎంతమంది వచ్చినా ఇల్లు పిల్లలది. మనం చుట్టాలం. చుట్టం ఇంటికి పోయినప్పుడు పెద్ద గొంతుతో మాట్లాడం, వంటింట్లోకి చొరబడం, ఆ ఇంటి పిల్లలను ఏడిపించం. నేను రాయబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇక కలుసుకోవడం. మొదటిసారి ఎవరి గదిలోనూ వద్దు, మన ఇంట్లో కూడా వద్దు. నలుగురూ తిరిగే చోటు కావాలి. ప్రకాశం పార్క్ బాగుంటుంది, పొద్దున ఏడున్నరకల్లా చేరి, ఎండ ఎక్కక ముందే లేవొచ్చు. బ్రహ్మోత్సవాల రోజులూ, తమిళుల పెరటాసి నెల శనివారాలూ కాకుండా చూసుకుని తేదీ పెట్టు. ఆ రోజుల్లో బస్టాండు నుంచి బయటపడటానికే గంట పడుతుంది, బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు గది దొరకదు. డబ్బులు వసూలు చేయకు. ఎవరి టిఫిన్ వాళ్లు కొనుక్కుంటారు. మొదటి పరిచయంలోనే లెక్కలు వస్తే రెండో పరిచయం ఉండదు.

చెవులూ తోకా పెట్టుకుని రావాలని ఒకరిద్దరికి ఉందన్నావు. రానీ. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, బైరాగి వేషం, తోటి వేషం వేసుకుని వీధుల్లో తిరిగే ఊరు ఇది. అది మొక్కు, ఇది ఇష్టం, రెంటినీ ఒక గాటన కట్టను. కానీ వేషం చూసి బెదిరే ఊరు కాదు మనది. ఆటో అన్న అడిగితే "బొమ్మల సినిమాలో గుర్రం అన్నా" అని నవ్వుతూ చెప్పండి, చాలు. ముఖం మొత్తం కప్పే ముసుగు మాత్రం వద్దు. పార్కులో చిన్నపిల్లలు ఉంటారు, ముఖం కనిపించకపోతే భయపడతారు, వాళ్ల తల్లిదండ్రులు ఇంకా భయపడతారు.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకుండా చదువు. మీ గ్రూప్‌లో పద్దెనిమిది నిండనివాళ్లు తప్పకుండా ఉంటారు, వయసు పెంచి చెప్పుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లతో విడిగా చాటింగ్ ఎవరూ చేయకూడదు, నువ్వు కూడా. మాట్లాడేదేదైనా అందరిలో మాట్లాడాలి. కలవడానికి వస్తామంటే అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని రమ్మను. వాళ్లు బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉంటారు, మనకు ఇబ్బందేముంది? ఎవరైనా "అట్లా అయితే సరదా ఉండదు" అంటే ఆ మనిషిని రెండోసారి పిలవకు. ఇంకొకటి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఈ పాత్రల మీద పెద్దలకు మాత్రమే అన్న రకం బొమ్మలు గీసేవాళ్లు ఉన్నారు. ఏడేళ్ల పాప ఫోన్‌లో రెయిన్‌బో డాష్ అనే పోనీ పేరు కొడితే అట్లాంటిది కంట పడే ప్రమాదం ఉంది. మీ గ్రూప్‌లోకి అది ఒక్కసారి కూడా రాకూడదు. వస్తే వాదన పెట్టుకోకు, తీసెయ్యి, పెట్టినవాణ్ణి పంపించెయ్యి. మనల్ని చూసి లోకం అనుమానపడటానికి సగం కారణం ఇదే, ఆ అనుమానం అన్యాయమని నేను అనను.

నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. కొన్నేళ్ల కింద మేము ఐదారుగురం కలిసినప్పుడు, పార్కులో ఆడుకుంటున్న ఒక పాప వచ్చి నా చేతిలో ఉన్న పింకీ పై అనే పోనీ బొమ్మను ముద్దు పెట్టుకుంది. ఎంత ముద్దుగా ఉందో అని ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టేశాను. వాళ్ల అమ్మను అడగలేదు. అది ఎట్లానో ఆమె దాకా పోయింది. మరుసటి వారం అదే పార్కులో నన్ను పట్టుకుని, "మీరు టీచరమ్మ కదా, మీకైనా తెలియదా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లకు పైగా డ్రాయింగ్ టీచర్‌గా పిల్లల మధ్యే ఉన్నదాన్ని, నాకే తట్టలేదు. ఫోటోలు తీయండి, కానీ బొమ్మలవి తీయండి, ఒప్పుకున్న పెద్దవాళ్లవి తీయండి.

గొడవలు వస్తాయి. ఎవరి పోనీ గొప్ప అన్న గొడవైతే మంచిదే, టిఫిన్ అరిగేదాకా కొట్టుకోండి. అసలు గొడవ ఎట్లా ఉంటుందో చెప్పడానికి డర్పీ కథ చాలు. మొదటి ఎపిసోడ్‌లో వెనక గుంపులో ఒక బూడిద రంగు పోనీ కళ్లు రెండూ రెండు వైపులకు పోయాయి. గీసేటప్పుడు జరిగిన పొరపాటు అది. చూసేవాళ్లు కనిపెట్టి, పేరు పెట్టి, నెత్తిన పెట్టుకున్నారు. సీరియల్ తీసేవాళ్లకు కూడా ముచ్చటేసి, 2012 జనవరిలో ఆ పోనీని అదే పేరుతో పిలిపించి, మాటలు కూడా ఇచ్చారు. వెంటనే కొందరు తల్లిదండ్రులు, ఆ పేరూ ఆ గొంతూ వైకల్యం ఉన్న పిల్లలను వెక్కిరించినట్టు ఉన్నాయని బాధపడ్డారు. కంపెనీ ఆ పేరు తీసేసి, గొంతు మార్చింది. మా గ్రూపులన్నీ భగ్గుమన్నాయి. మా బొమ్మను మా నుంచి లాక్కున్నారు అని.

నాకు అప్పుడు మా క్లాసులో మెల్లకన్ను ఉన్న ఒక పిల్ల గుర్తొచ్చింది. బోర్డు వైపు చూస్తున్నా "అటు చూస్తున్నావేంటే" అని పక్కవాళ్లు అనేవాళ్లు. ఆ పిల్ల తల్లి గనక ఆ ఎపిసోడ్ చూసి ఉంటే? అదే సమయంలో, అందరిలాగా లేని ఒక పోనీని వేలమంది ప్రేమించారంటే, ఆ పిల్లకు అది ధైర్యం కూడా ఇచ్చి ఉండేది. రెండూ నిజమే. నేను గ్రూప్‌లో ఇదే రాశాను, రెండు వైపుల నుంచీ తిట్లు పడ్డాయి. మూడేళ్ల తర్వాత, 2015 జూన్‌లో, వందో ఎపిసోడ్‌ను వెనక గుంపులో నిలబడే పోనీలకే ఇచ్చేశారు. డర్పీ అందులో ఉంది, కళ్లు అట్లాగే ఉన్నాయి. ఆ రోజు నేను ఏడ్చాను. నీ గ్రూప్‌లో ఇట్లాంటిది వస్తే, ముందు ఎవరికి నొప్పి కలిగిందో అడుగు, ఎవరిది ఒప్పో తర్వాత చూడొచ్చు.

స్టిక్కర్లు ముద్రించి అమ్ముదామన్నావు. వద్దు నాయనా. కొందరు అభిమానులు ఈ పోనీలతో కొట్లాట గేమ్ ఒకటి కష్టపడి తయారు చేస్తుంటే, 2013లో హాస్‌బ్రో ఆపమని నోటీసు పంపింది. ఆపేశారు. లారెన్ ఫాస్టే ముందుకొచ్చి వాళ్ల కోసం కొత్త జంతువులను గీసి ఇచ్చింది, ఆ కొత్త పాత్రలతో గేమ్ 2020లో పూర్తి స్థాయిలో విడుదలైంది. నువ్వు బాగా గీస్తావు, నువ్వు పంపిన రేరిటీ బొమ్మలో మెడ వంపు చూస్తే తెలుస్తుంది. పోనీని గీసి స్నేహితులకు ఊరికే ఇవ్వు. అమ్మాలనిపిస్తే నీ సొంత జంతువును పుట్టించు, మన పుంగనూరు ఆవు ఉంది, అంత పొట్టిగా ముద్దుగా ఉండేది ఇంకెక్కడ ఉంది?

చివరగా నీ దగ్గరున్న ఆ పాత బొమ్మ. పాత సామాన్ల అంగట్లో దొరికింది, జుట్టు ఉండ కట్టిందన్నావు. గోరువెచ్చని నీళ్లలో చిన్నపిల్లల షాంపూ రెండు చుక్కలు వేసి జుట్టు ఒక్కటే ముంచు. తలలోకి నీళ్లు పోనివ్వకు. పాతవాటిలో తోకను లోపల ఒక ఇనుప బిళ్ల పట్టుకుని ఉంటుంది, నీళ్లు తగిలితే తుప్పు పట్టి బయటికి గోధుమ రంగు మరక వస్తుంది. కండిషనర్ రాసి పావుగంట ఉంచు. దువ్వెన కొసల నుంచి మొదలుపెట్టు, రెండు అంగుళాలు వదులయ్యాక కాస్త పైకి, మళ్లీ కాస్త పైకి. కుదుళ్ల దగ్గర నుంచి లాగితే కుచ్చుకు కుచ్చు ఊడి చేతికొస్తుంది. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లగా చార పడుతుంది, ఆఖరిసారి తాగే నీళ్లతో కడుగు. తడిగా ఉండగానే వదులుగా జడ వేసి, నీడలో, ఫ్యాన్ కింద రెండు రోజులు ఉంచు.

దసరాకు అమ్మను తీసుకుని రా. ఈసారి ఏడు మెట్లు పెడుతున్నాను, ఐదో మెట్టు మీద కొయ్యబొమ్మల జంట పక్కన చోటు వదిలిపెడతాను. జడ విప్పి చూసి, లోపల తడి లేదని తేల్చుకున్నాకే దాన్ని సంచిలో పెట్టు. మెట్ల మీద పరిచేది మీ అమ్మమ్మ పెళ్లి పట్టుచీర.

మీ పెద్దమ్మ
తిరుపతి