తాయ్ చీ చేస్తున్నా మనసు ఆఫీసులోనే ఉంటోందా?

బెంగళూరు లాల్‌బాగ్‌లో పొద్దున్నే తాయ్ చీ (నెమ్మదిగా కదులుతూ చేసే చైనా వ్యాయామం) చేస్తున్నా మనసు మాత్రం సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే తిరుగుతోందని రాశారు కదండీ, దాన్ని ఆపాలని చూడకండి, పాదాల దగ్గర ఒక పని అప్పజెప్పండి. 1956లో చైనాలో రూపొందించిన 24 కదలికల వరసే మీరు నేర్చుకుంటున్నదైతే, తరవాతేంటి తరవాతేంటి అని గుర్తుచేసుకోవడంలోనే సగం టెన్షన్. కొన్నాళ్లు అది పక్కన పెట్టి, చేతులు మబ్బుల్లా కదుపుతూ పక్కకి జరిగే ఆ ఒక్క కదలికే చేయండి. బరువంతా ఎడమకాలి మీదకి వచ్చాకే కుడికాలు లేపాలి, దించేటప్పుడు ముందు వేళ్లు ఆనాలి, తరవాత మడమ. ఆ మడమ దిగడాన్నే గమనించండి. భుజాలు వదులుగా ఉంచండి. ఊపిరి బిగబడుతోందంటే తొందరపడుతున్నట్టే, ఇంకా నెమ్మదించండి. ఆలోచనలు వస్తాయి, రానివ్వండి, మీరు మళ్లీ అరికాలి దగ్గరికి వచ్చేయండి. ఫోన్ మాత్రం దయచేసి బ్యాగులోనే ఉంచండి.