డౌట్, సస్పెక్ట్, టిల్, బై: తికమక పెట్టే ఇంగ్లీషు మాటలను తెలుగుతోనే విడదీయడం

మీ ప్రశ్న ఇది: ఇంగ్లీషు మీడియంలోనే చదువుకున్నాను, ‘తరచూ తప్పుగా వాడే మాటలు’ అనే జాబితాలు బట్టీ పట్టాను, అయినా మెయిల్ రాసేటప్పుడు, క్లయింటుతో మాట్లాడేటప్పుడు ఒకదానికి బదులు ఇంకొకటి వస్తోంది, ఎలా సరిచేసుకోవాలి?

ఉద్యోగాలకు వెళ్లే తెలుగువాళ్ల మెయిల్స్, రెజ్యూమేలు దిద్దడం నా పని. జాబితాలు ఎందుకు నిలవవో రోజూ చూస్తుంటాను. అవి ఒక ఇంగ్లీషు మాట పక్కన ఇంకో ఇంగ్లీషు మాటను పెట్టి తేడా చెబుతాయి. మన తికమక పుట్టేది అక్కడ కాదు. బడిలో ‘డౌట్ అంటే సందేహం, సిన్స్ అంటే నుంచి, హియర్ అంటే వినడం’ అని ఒక్కో మాటకు ఒక్కో తెలుగు అర్థం అంటించి నేర్పారు. ఆ అంటింపులో తేడా చెరిగిపోయింది. తెలుగు వాక్యాన్ని నోరారా పూర్తిగా అనుకుంటే ఆ తేడా చాలావరకు తెలుగులోనే దొరుకుతుంది.

అర్థం పూర్తిగా తిరగబడే జంటతో మొదలుపెట్టండి. ‘ఐ డౌట్ హీ టుక్ ద మనీ’ అంటే అతను డబ్బు తీశాడంటే నాకు నమ్మకం లేదు అని. ‘ఐ సస్పెక్ట్ హీ టుక్ ద మనీ’ అంటే అతనే తీసి ఉంటాడని నా అనుమానం అని. ఒకటి అతన్ని వెనకేసుకొస్తుంది, ఇంకొకటి వేలెత్తి చూపుతుంది. మనం రెంటికీ ‘డౌటు’ అనేస్తాం, ఎందుకంటే తెలుగు మాటల్లో ‘వాడి మీద నాకు డౌటు’ అంటే అనుమానమే. సాఫ్ట్‌వేర్ మెయిల్స్‌లో దీని నష్టం పెద్దది. సర్వర్ ఆగిపోయిందేమోనని మీకు అనిపించి ‘ఐ డౌట్ ద సర్వర్ ఈజ్ డౌన్’ అని రాశారనుకోండి. అవతలి టీమ్ దాన్ని ‘సర్వర్ బాగానే ఉంది, సమస్య ఇంకెక్కడో’ అని చదువుకుంటుంది. పరీక్ష సులువు: వాక్యం చివర ‘అంటే నమ్మను’ అతికితే డౌట్, ‘అనే అనిపిస్తోంది’ అతికితే సస్పెక్ట్. సస్పెక్ట్ అనడానికి బరువుగా ఉంటే ‘ఐ థింక్ ద సర్వర్ మే బి డౌన్’ అంటే సరిపోతుంది.

ఇదే డౌటును ప్రశ్న అనే అర్థంలోనూ వాడతాం. క్లాసులో ‘సర్, ఐ హావ్ ఎ డౌట్’ అంటే ఇండియాలో ఎవరూ తప్పు పట్టరు. అమెరికా మేనేజర్ ప్రెజెంటేషన్ ఇచ్చాక ‘ఐ హావ్ సమ్ డౌట్స్’ అంటే మాత్రం మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదు అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి.

తర్వాతిది గడువుల సంగతి. ‘ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ మండే’ అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. టిల్, అంటిల్ రెండూ ‘వరకు’. బై అంటే ‘లోపు’. రిపోర్టు సోమవారం వరకు పంపరు, సోమవారం లోపు పంపుతారు. కాబట్టి ‘బై మండే’. షాపు రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది, కాబట్టి ‘అంటిల్ నైన్’. సాగుతూ ఉండే పనికి వరకు, ఒక్కసారి జరిగి ముగిసే పనికి లోపు. ఈ భేదంలో తెలుగులో ఎవరూ పొరబడరు, ఇంగ్లీషులోకి వెళ్లగానే జారిపోతుంది. ‘లోపు’ ముందు తేదీ కాకుండా వ్యవధి చెబితే విథిన్: ‘రెండు రోజుల్లోపు’ అంటే ‘విథిన్ టూ డేస్’. ‘ఇన్ టూ డేస్’ అంటే మామూలుగా రెండు రోజుల తర్వాత అని అర్థం. తొందర పని ఉన్నప్పుడు ఈ రెండూ కలిస్తే చిక్కే.

అంటిల్‌తో ఇంకో చిక్కుంది. ‘నువ్వు రానంత వరకు మొదలుపెట్టను’ అని తెలుగులో వ్యతిరేకార్థం వస్తుంది కాబట్టి ‘అంటిల్ యూ డోంట్ కమ్’ అని రాస్తారు. ఇంగ్లీషులో అంటిల్ పక్కన ఆ ‘రాని’ అక్కర్లేదు: ‘ఐ వోంట్ స్టార్ట్ అంటిల్ యూ కమ్’.

సిన్స్, ఫర్ తేడాకు నాకు తెలిసిన అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష తెలుగు ‘గా’. ‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అన్నదాన్ని ‘రెండేళ్లుగా పనిచేస్తున్నాను’ అని మార్చవచ్చు. అలా మారితే ఫర్. ‘2022 నుంచి’ అన్నదాన్ని ‘2022గా’ అని మార్చలేం. మారకపోతే సిన్స్. అక్కడితో అయిపోదు, క్రియ కూడా సరిపోవాలి. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ లో రెండు తప్పులున్నాయి. సరైనది ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. రెజ్యూమేలో ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అని రాస్తే ఆ ఉద్యోగం మానేసినట్టే. ఇంకా అక్కడే పనిచేస్తుంటే ఆ వాక్యం మీ గురించి తప్పు సమాచారం ఇస్తుంది.

ఫోన్లో సిగ్నల్ సరిగా లేనప్పుడు ‘ఆర్ యూ లిజనింగ్ టు మీ?’ అని అడుగుతారు. అవతలివాళ్లకు అది ‘నేను చెప్పేది పట్టించుకుంటున్నారా?’ అని నిలదీసినట్టు ఉంటుంది. తెలుగులో మనం ‘వినపడుతోందా?’ అంటాం, ‘వింటున్నారా?’ అనం. ఆ ‘పడు’ ఉన్నచోట హియర్, ‘కనపడు’ అన్నచోట సీ. మనంతట మనం చెవి పెడితే లిజన్, కళ్లు తిప్పి చూస్తే లుక్. కదిలేదాన్ని కొంతసేపు చూస్తే వాచ్: మ్యాచ్, సీరియల్, పొయ్యి మీద పాలు. లిజన్ తర్వాత టు, లుక్ తర్వాత ఎట్ తప్పనిసరి, హియర్, సీ, వాచ్ తర్వాత ఏమీ రాదు. ఒక్క చోట ఈ పరీక్ష తడబడుతుంది: ‘ఆ కబురు విన్నాను’. దాన్ని ‘చెవిన పడింది’ అని మార్చి చూడండి, ‘పడు’ మళ్లీ కనిపిస్తుంది. కాబట్టి ‘ఐ హర్డ్ ద న్యూస్’.

టూ, వెరీ కూడా ఇలాంటివే. వెరీ అంటే ‘చాలా’, టూ అంటే ‘మరీ’. ‘ద కాఫీ ఈజ్ టూ హాట్’ అంటే మరీ వేడిగా ఉంది, తాగలేం. వచ్చిన అతిథి ‘యువర్ హౌస్ ఈజ్ టూ బిగ్’ అంటే మెచ్చుకోలు కాదు, ఇంత పెద్దది అనవసరం అన్నట్టు. మనవాళ్లలో ‘టూ గుడ్’ మెచ్చుకోలుగా స్థిరపడింది, స్నేహితుల దగ్గర దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు మరో రెండు చెప్పాలి. మొదటిది హార్డ్‌లీ. కష్టపడ్డాను అనబోయి ‘ఐ వర్క్‌డ్ హార్డ్‌లీ’ అంటారు. హార్డ్‌లీ అంటే దాదాపు ఏమీ చేయలేదు అని. కష్టపడటం చెప్పడానికి హార్డ్ చాలు, దానికి లీ తగిలించకూడదు. లేట్ కూడా అంతే, లేట్‌లీ అంటే ‘ఈమధ్య’. రెండోది యూజ్డ్ టు. ‘వెళ్లేవాణ్ణి, వెళ్లేదాన్ని’ అని తెలుగులో వస్తేనే యూజ్డ్ టు. ‘రోజూ వెళ్తుంటాను’ అయితే ‘ఐ గో ఎవ్రీ డే’ చాలు. ఇప్పటికీ క్లయింట్ కాల్స్ చూసుకునే మనిషి ‘ఐ యూజ్డ్ టు హ్యాండిల్ క్లయింట్ కాల్స్’ అన్నాడంటే ఆ పని ఇప్పుడు తన చేతిలో లేదని చెప్పినట్టే. ‘అలవాటైపోయింది’ అనడానికి యూజ్డ్ టు ముందు యామ్ రావాలి, తర్వాతి క్రియకు ఐఎన్‌జి రావాలి: ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్’.

ఇక తెలుగు అర్థం సాయపడనివి ఉన్నాయి, అక్కడ చిక్కు ఉచ్చారణది. లూజ్, లూస్ జంట చూడండి: ఎల్ తర్వాత ఒక ఓ ఉంటే పోగొట్టుకోవడం, రెండు ఓలు ఉంటే వదులు. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని తారుమారు చేయడానికి కారణం, తెలుగులో వదులు బట్టల్ని ‘లూజు’ అనడం. ఇంగ్లీషులో లూజ్ అని పలికేది పోగొట్టుకోవడాన్ని, వదులును లూస్ అనాలి. నోరు సరైతే స్పెల్లింగ్ కూడా సరవుతుంది. ఇదే జతలో ఇంకొన్ని: సలహా అనే నామవాచకం అడ్వైస్, చివర సిఇ, సలహా ఇవ్వడం అడ్వైజ్, చివర ఎస్ఇ. పరికరం డివైస్, ఉపాయం పన్నడం డివైజ్. ఉపయోగం యూస్, ఉపయోగించడం యూజ్. నామవాచకానికి ‘స్’, క్రియకు ‘జ్’ అన్నది పట్టుకుంటే ఇవన్నీ ఒక్కసారే తేలిపోతాయి. అడ్వైస్‌కు బహువచనం లేదు, ముందు ‘యాన్’ కూడా రాదు. ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ లేదా ఉత్త ‘సమ్ అడ్వైస్’. ప్రాక్టీస్, లైసెన్స్‌లలో మాత్రం పలుకు మారదు, స్పెల్లింగే మారుతుంది. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి, క్రియకు ఎస్. అమెరికాలో ప్రాక్టీస్‌కు ఎప్పుడూ సి, లైసెన్స్‌కు ఎప్పుడూ ఎస్. మన డ్రైవింగ్ లైసెన్సు మీద సి ఉండేది అందుకే.

అఫెక్ట్, ఎఫెక్ట్: ఏతో మొదలయ్యేది క్రియ, ఇతో మొదలయ్యేది నామవాచకం. అరుదైన మినహాయింపులున్నాయి, ఆఫీసు రాతల్లో వాటి అవసరం దాదాపు రాదు. కాగితాలు, కలాలు అమ్మే స్టేషనరీలో ఎన్వలప్ లాగే ఇ ఉంటుంది. దుకాణాల బోర్డుల మీద తరచూ కనిపించే ఏ స్పెల్లింగుకు ‘కదలకుండా నిలిచి ఉన్నది’ అని అర్థం.

విభక్తుల వల్ల వచ్చే తప్పులు వేరే కోవ. ‘గురించి చర్చించాం’ అన్న అలవాటులో డిస్కస్ తర్వాత అబౌట్ పెడతాం. డిస్కస్, మెన్షన్, డిస్క్రైబ్ క్రియలకు అబౌట్ అక్కర్లేదు. డిస్కషన్ అనే నామవాచకానికి వస్తుంది. రిక్వెస్ట్, ఆర్డర్ క్రియలైతే ఫర్ రాదు, నామవాచకాలైతే వస్తుంది: ‘ఐ రిక్వెస్ట్ లీవ్’, ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’. ‘నాకు చెప్పాడు’ లోని ‘కు’ టెల్ తర్వాత మాయమవుతుంది: ‘హీ టోల్డ్ మీ’. సే, ఎక్స్‌ప్లెయిన్, రిప్లై తర్వాత మనిషి పేరు వస్తే అదే ‘కు’ టుగా తప్పక కనిపించాలి: ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’. ‘అతనితో పెళ్లయింది’ లోని ‘తో’ కూడా టుగానే మారుతుంది, ‘మ్యారీడ్ టు హిమ్’.

ప్రీపోన్, రివర్ట్, పాస్ అవుట్ లాంటివి తప్పులని చాలామంది గట్టిగా వాదిస్తారు. నేను ఒప్పుకోను. ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది, మన ఆఫీసుల్లో అందరికీ అర్థమవుతుంది. చూడాల్సింది చదివేది ఎవరన్నది. అమెరికా వాళ్లకు ‘పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే స్పృహ తప్పి పడిపోయారని; ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయండి. రివర్ట్ అంటే వాళ్లకు పాత స్థితికి తీసుకెళ్లడం. కోడ్ మార్పు గురించిన మెయిల్ చివర ‘ప్లీజ్ రివర్ట్’ అని రాస్తే జవాబు రావడానికి బదులు మీరు చేసిన మార్పు వెనక్కి పోయే ప్రమాదం నిజంగానే ఉంది. ‘ప్లీజ్ రిప్లై’ అనండి.

సాధన ఇలా చేయండి. స్పెల్ చెకర్ మీద ఆధారపడొద్దు, ఈ జంటల్లో రెండూ నిజమైన మాటలే కాబట్టి చాలాసార్లు ఎర్రగీత పడదు. మీరు పంపిన మెయిల్స్‌లో డౌట్, టిల్, సిన్స్, రివర్ట్, డిస్కస్ అనే మాటలను ఒక్కోటి వెతకండి. దొరికిన ప్రతి వాక్యాన్ని తెలుగులో పైకి చెప్పి, పై పరీక్ష పెట్టి, పక్కన సరైన వాక్యం రాసుకోండి. వారానికి ఒక్క జంట చాలు. మూడు నాలుగు కలిపి పట్టుకుంటే మళ్లీ కలగాపులగమే. అనుమానం వస్తే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కాకుండా కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వంటి అభ్యాసకుల నిఘంటువులు చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితం. అర్థం దగ్గర ఆగకుండా ముందున్న చిన్న గుర్తులు చదవండి: క్రియ పక్కన టి ఉంటే తర్వాత నేరుగా కర్మ వస్తుంది, ఐ ఉంటే రాదు. నామవాచకం పక్కన యు ఉంటే దానికి బహువచనం లేదు, సి ఉంటే ఉంది.