మూడు నెలల రీసెర్చ్ రొటేషన్‌లో ఆర్థో రెసిడెంట్ ఫిక్సేషన్ (విరిగిన ఎముకను ప్లేట్లు, స్క్రూలతో బిగించడం) ప్రాజెక్టు పూర్తి చేయగలరా? ల్యాబ్‌లో ఏమేం ఉండాలి?

చేయగలరు. అయితే ఆ మూడు నెలలు టెస్టింగ్‌కి, రాయడానికి మాత్రమే సరిపోతాయి. ప్రశ్న తేల్చుకోవడం, ఎథిక్స్ అనుమతి, శాంపిల్ సైజు లెక్క, ఇంప్లాంట్లు తెప్పించుకోవడం రొటేషన్ మొదలయ్యే నాటికే అయిపోవాలి. చాలా ప్రాజెక్టులు ఆగిపోయేది ఇక్కడే.

ల్యాబ్ అనగానే అందరూ ఎముక మీద లోడ్ పెట్టి చూసే టెస్టింగ్ మెషిన్ గురించి అడుగుతారు. మెషిన్ ఎంత మంచిదైనా, ఎముకను అందులో సరిగ్గా నిలపకపోతే వచ్చే అంకెలకు విలువ లేదు. అందుకే ముందు నేర్పాల్సింది పాటింగ్, అంటే ఎముక చివరను కప్పులో పెట్టి అక్రిలిక్ సిమెంట్ పోసి బిగించడం. కప్పులోకి వెళ్లే భాగం మీద కొవ్వు, పెరియాస్టియం (ఎముకను కప్పి ఉండే పొర) మిగిలితే సిమెంట్ పట్టదు. లోడ్ పెరిగేకొద్దీ ఎముక లోపల జారుతుంది, గ్రాఫ్‌లో అది ఫిక్సేషన్ వదులైనట్టే కనిపిస్తుంది. శుభ్రంగా గీకి, అడ్డంగా రెండు మూడు స్క్రూలు వేసి, తలలు బయటికి ఉండేలా వదలండి. సిమెంట్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి ఒకేసారి నింపకుండా పొరలుగా పోయండి. పైన మిగిలిన ఎముకకు సెలైన్ గాజుగుడ్డ చుట్టి ఉంచండి. సిమెంట్ బిగిసేలోపు ఎముక ఒరిగిందా లేదా అని రెండు వైపుల నుంచీ లేజర్ లెవెల్‌తో చూడండి. కాస్త ఒరిగినా నిలువు లోడ్‌తో పాటు వంపు కూడా కలుస్తుంది, ఆ ఒక్క స్పెసిమెన్ మిగతావాటితో పోల్చడానికి పనికిరాదు.

రెండో పొరపాటు, మెషిన్ చూపే కదలికనే ఫ్రాక్చర్ దగ్గరి కదలిక అనుకోవడం. అందులో ఫిక్స్చర్ (ఎముకను మెషిన్‌లో పట్టి ఉంచే బిగింపు), లోడ్ సెల్ (లోడ్‌ని కొలిచే భాగం), సిమెంట్ వంగిన కొలత కూడా కలిసి ఉంటుంది, దాంతో స్టిఫ్‌నెస్, అంటే లోడ్‌కి వంగకుండా నిలిచే గట్టిదనం, అసలు కన్నా తక్కువగా వస్తుంది. ఫ్రాక్చర్ గ్యాప్‌కి అటూ ఇటూ మార్కర్లు అంటించి కెమెరాతో కొలవడం మేలు. కెమెరా లేకపోతే అదే ఫిక్స్చర్‌లో లావాటి ఉక్కు కడ్డీని పెట్టి లోడ్ చేసి, ఫిక్స్చర్ ఎంత వంగుతోందో తెలుసుకుని, ఆ కొలతను మెషిన్ చూపిన కదలికలోంచి తీసేయవచ్చు. స్టిఫ్‌నెస్‌ని గ్రాఫ్‌లో తిన్నగా ఉన్న భాగం నుంచే లెక్కించాలి. మొదట్లో వంపుగా ఉండే భాగం జాయింట్లు సర్దుకోవడమే. ఫెయిల్యూర్ అంటే ఏమిటో, ఉదాహరణకు గ్యాప్ 2 మి.మీ. కదిలితే ఫెయిల్ అని, టెస్ట్‌కి ముందే రాసిపెట్టండి.

ఎముకల విషయానికొస్తే, రెండు ప్లేట్లను పోల్చడానికి సింథటిక్ బోన్ చాలు, ఒకదానికొకటి తేడా తక్కువ. ఆస్టియోపొరోసిస్‌లో (ఎముకలు గుల్లబారడంలో) స్క్రూ పట్టు చూడాలంటే మాత్రం కెడావర్ (మృతదేహం నుంచి తీసిన) ఎముకలు కావాలి, అవీ ఫ్రెష్ ఫ్రోజెన్, అంటే మందుల్లో నానబెట్టకుండా తాజాగా గడ్డకట్టించినవి. ఫార్మలిన్‌లో ఉంచినవి పెళుసుబారతాయి. తడి గాజుగుడ్డలో చుట్టి, రెండు సంచుల్లో కట్టి −20 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచండి. టెస్ట్ అయ్యేదాకా ఎముక ఆరిపోకూడదు. ఒకే మనిషి కుడి, ఎడమ ఎముకలను రెండు గ్రూపుల్లోకి పంచి పెయిర్డ్ టెస్ట్ (ఒక్కో జతలోని తేడాను చూసే గణాంక పరీక్ష) వాడండి. 8 జతలుంటే మీ దగ్గరున్నది 8 మంది సమాచారం, 16 కాదు. ఈ లెక్క తప్పితే రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టుకుంటారు.

మిగతా వసతుల్లో ఉష్ణోగ్రత నమోదయ్యే ఫ్రీజర్, సీ-ఆర్మ్ (అక్కడికక్కడే తెర మీద చూపే ఎక్స్‌రే యంత్రం), బ్యాండ్‌సా (ఎముక కోసే మర రంపం), సిమెంట్ ఆవిరి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. ఎముక కోసేటప్పుడు ఫేస్ షీల్డ్, ఎన్95 తప్పనిసరి. వీటన్నిటికన్నా ముఖ్యం వారానికి ఒక రోజైనా రెసిడెంట్ పక్కన నిలబడే ఇంజినీర్. ఆ మనిషి లేని చోట ఖరీదైన మెషిన్ మీద కవర్ కప్పి ఉంటుంది.

మెషినే లేకపోతే ఎక్స్‌రే కొలతల విశ్వసనీయత మీద ప్రాజెక్టు చేయించండి. ఇద్దరు విడివిడిగా, రెండు వారాల తేడాతో రెండుసార్లు, ఫిల్ముల వరస మార్చి కొలవాలి. మొదటిసారి రాసిన అంకెలు రెండోసారి కొలిచేవారి కంట పడకూడదు.