కూల్‌డ్రింక్ కంపెనీ నీళ్ల లెక్క మీద బయటి సంస్థ ఇచ్చిన రిపోర్ట్ నమ్మొచ్చా?

మీ ఊరి పక్క కూల్‌డ్రింక్ ప్లాంట్ వాళ్లు నీటి వాడకం మీద బయటి సంస్థతో స్టడీ చేయించారు, అంతా బాగుందని రిపోర్ట్ వచ్చింది, మరి మా బోర్లు ఎందుకు ఎండుతున్నాయి అని అడిగారు కదా. నమ్మొచ్చండీ, కానీ వాళ్లు ఏం కొలిచారు, ఎప్పుడు కొలిచారు అన్నది చూశాకే.

కంపెనీ డబ్బులిచ్చింది కాబట్టి అంతా అబద్ధమే అని కొట్టిపారేయొద్దు. అమెరికాలోని మిచిగాన్ యూనివర్సిటీ స్టూడెంట్ల ఒత్తిడితో 2006లో కోకాకోలా ఇండియాలో తన ప్లాంట్ల మీద స్టడీకి ఒప్పుకుంది, ఢిల్లీలోని టెరి అనే పరిశోధన సంస్థ చేసింది, 2008 జనవరిలో రిపోర్ట్ వచ్చింది. 6 ప్లాంట్లు చూశారు, ఖమ్మం జిల్లా సత్తుపల్లిది కూడా అందులో ఉంది. ఖర్చు కంపెనీదే, దాని మీద విమర్శలూ బాగానే వచ్చాయి. అయినా జైపూర్ దగ్గర కాలాదేరా ప్లాంట్ గురించి టెరి మొహమాటపడలేదు, నీళ్లు వేరే చోట నుంచి తెచ్చుకోండి, నీళ్లున్న కాలంలో నిల్వ చేసుకోండి, ప్లాంట్ ఇంకోచోటికి మార్చండి, లేదా మూసేయండి అని నాలుగు దారులు రాసింది. కానీ అక్కడ ప్లాంట్ ఆగింది 2016లో. అన్నేళ్లూ ఆ చుట్టుపక్కల రైతులు ఏమైపోయి ఉంటారో అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంకోటి, అందరికన్నా ఎక్కువ గొడవ జరిగిన కేరళలోని ప్లాచిమడ కోకాకోలా ప్లాంట్ ఆ 6లో లేదు, అది 2004లోనే ఆగిపోయింది. అంటే ఏ చోటు చూస్తారన్న దగ్గరే సగం లెక్క తేలిపోతుంది.

ఇక నా అనుభవం. మార్కాపురం వైపు రైతులే భూగర్భ జలాలు కొలుచుకునే ప్రాజెక్టులో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయంతో ఉమ్మడి ఆంధ్రలో 7 జిల్లాల్లో నడిచింది) రెండేళ్లు ఫీల్డ్‌లో తిరిగాను. 15 రోజులకోసారి బోర్లోకి టేపు దించడం, నీళ్లు తగలగానే బీప్ అంటుంది, ఆ లోతు రైతే రిజిస్టర్లో రాసుకుంటాడు. తర్వాత ఇంకో మండలంలో ఒక డ్రింక్స్ యూనిట్‌కి ఇలాంటి స్టడీ జరుగుతుంటే దగ్గరుండి చూశా. టీమ్ వచ్చింది నవంబర్లో, మనకి ఈశాన్య వానలు పడే టైమ్, అప్పుడు ఏ బోరు చూసినా నీళ్లు పైకే ఉంటాయి, అదే మే నెలలో వచ్చుంటే పక్క రైతు బోరు గాలి కక్కుతుండేది. కంపెనీ తవ్విన ఇంకుడు గుంతలు కూడా చూశాం, పడిన వానని గుంత సైజుతో హెచ్చవేసి ఇంత నీళ్లు భూమిలోకి పంపాం అని రాసుకున్నారు. నేను ఒక గుంతలో కర్ర దించితే మోకాలి లోతు ఒండ్రు, దాంట్లోంచి నీళ్లు ఎలా ఇంకుతాయి చెప్పండి?

అందుకే మీరు ముందు పూర్తి రిపోర్ట్ అడగండి, మొదటి పది పేజీల సారాంశం కాదు, వెనకుండే అనుబంధాలు, ఏ బోరు ఏ తేదీన ఎంత లోతు అనే పట్టికలు. కాంపౌండ్ గోడ లోపల మురుగునీళ్లు రూల్స్ ప్రకారం ఉన్నాయన్నది ఒక విషయం, గోడ బయట మీ నీటిమట్టం ఏమవుతోందన్నది ఇంకో విషయం, ఈ రెండూ కలిపేసి చెప్తుంటారు జాగ్రత్త. ప్లాంట్ బోర్లు ఎన్ని, వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద రిజిస్టర్ అయ్యాయా అన్నది కూడా ఆర్టీఐలో అడగొచ్చు.

రెండోది, మీ లెక్క మీరే పెట్టుకోండి. ప్లాంట్‌కి దగ్గర్లో రెండు, కాస్త దూరంలో మూడు బోర్లు ఎంచుకుని, రాత్రంతా మోటార్లు ఆపి తెల్లారుజామున కొలవండి, మోటారు ఆడుతుండగా కొలిస్తే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. ఆ రోజు వాన కూడా పక్కనే రాయండి, ఎందుకంటే కరువు వల్లే నీళ్లు తగ్గాయని కంపెనీ అంటుంది, ఒక్కోసారి అది నిజమే అవుతుంది కూడా. మీ ఊరి బోర్లు ఎక్కడెక్కడ, ఎంత లోతు ఉన్నాయో రాయండి, ఏ ఐదు తీసుకోవాలో చూసి చెప్తా.