తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెబుతారు, మా వీధి మునుగుతుందని ఎందుకు చెప్పలేరు?

ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు లెక్కలు. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఈ విషయం పట్టుకుని చదువుతున్నాను.

తుఫాను వందల కిలోమీటర్ల సుడి. ఇన్సాట్ ఉపగ్రహాలకు స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని నడిపించే పైగాలులను మన టైం ప్రకారం ఉదయం, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో ప్రపంచమంతా బెలూన్లు ఎగరేసి కొలుస్తారు. అందుకే దారి ముందే దొరుకుతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు, మచిలీపట్నం మధ్య దాటుతుందని ముందుగానే చెప్పారు.

వాన అలా చిక్కదు. కుండపోత కురిపించే మేఘం కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. కంప్యూటర్ మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి లెక్క వేస్తుంది. 2024లో వాతావరణ శాఖ ప్రధాన మోడల్ గడి 12 కిలోమీటర్లు. భవానీపురం, సింగ్‌నగర్, బెంజ్ సర్కిల్ ఒకే గడిలో పడిపోవచ్చు. 2025 మేలో 6 కిలోమీటర్ల మోడల్ వచ్చింది, కొంత మేలు. మచిలీపట్నం డాప్లర్ రాడార్ ఉన్న మేఘాన్ని పట్టుకుంటుంది కానీ, దాంతో దొరికేది రెండు మూడు గంటల ముందస్తు మాత్రమే.

అసలు సంగతి వేరే ఉంది. మా వీధిలో వాన తెరిపిచ్చాకే నీళ్లు పెరిగాయి! ఇక గండం గడిచిందని అమ్మ స్టవ్ వెలిగించింది, అంతలోనే గుమ్మంలోకి నీళ్లు. బుడమేరు మైలవరం కొండల వైపు నుంచి వచ్చి కొల్లేరులో కలుస్తుంది. వరద ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర డైవర్షన్ చానల్‌లోకి మళ్లించి కృష్ణలోకి పంపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు ముందుకు పోవు. అప్పుడు ఎగువన కుండపోత, చానల్ కట్టకు గండ్లు, కృష్ణకూ వరద, అన్నీ ఒక్కసారే వచ్చాయి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీకి వచ్చిన వరద 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ కట్టాక అంత వరద అంతకుముందు ఎన్నడూ రాలేదు.

అంటే వాన అంచనా సరిగ్గా ఉన్నా, కట్ట ఎంత గట్టిగా ఉంది, ఏరు ఎంత నిండింది, వీధి ఎంత పల్లం అన్నవి కలిపితే తప్ప ముంపు తెలియదు. నదుల వరద అంచనా కేంద్ర జల సంఘం పని. బుడమేరు లాంటి చిన్న ఏటికి కూడా ఎగువన మట్టం కొలిచే పరికరాలు, ఆ అంకెలు వెంటనే వార్డు వాట్సాప్ గ్రూపుకు చేరే ఏర్పాటు కావాలి. ఇది మనం గట్టిగా అడగాల్సిందే.

మీ ఇల్లు సింగ్‌నగర్, పాయకాపురం వైపైతే వాతావరణ బులెటిన్‌లో విజయవాడ ఒక్కటే చూడకండి. మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెంలో ఎంత పడిందో చూడండి. రామలింగేశ్వర నగర్ లాగా కృష్ణ ఒడ్డునైతే ఎగువన పులిచింతల డ్యాం నుంచి ఎంత వదులుతున్నారో, కృష్ణలో కలిసే మున్నేరు ఎంత తెస్తోందో కనుక్కోండి. బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు, రెండోది 5.69 లక్షలకు ఇస్తారు. మొదటి హెచ్చరికకే పెద్దవాళ్లను, మందులను, కాగితాలను పై అంతస్తుకు చేర్చండి.