కూలి లెక్కలు, అంతరాల చదువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి బి.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతోంది. కూలి రేట్లు, వలసలు, అసమానతల మీద పరిశోధన చేస్తానంటోంది. దాంతో బతుకు గడుస్తుందా? ఎన్నేళ్లు పడుతుంది?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: గడుస్తుందండీ, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఎం.ఏ. రెండేళ్లు. ఆ పైన పీహెచ్‌డీకి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధన ప్రకారం కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. యూజీసీ అర్హత పరీక్ష నెట్ రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరవాత 42,000 ఫెలోషిప్ వస్తుంది, ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకు అయిదేళ్ల సడలింపు ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం దొరికితే యూజీసీ స్కేలులో మూల వేతనం 57,700 నుంచి మొదలు. ఎం.ఏ.తోనే ఆగాలనుకుంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష ఉంది.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది లెక్కల్లో. ఇంటర్‌లో హెచ్ఈసీ చదివి వచ్చినవాళ్లకు ఎం.ఏ. మొదటి సెమిస్టర్‌లోనే కాలిక్యులస్, మాట్రిక్సులు, సంభావ్యత ఎదురవుతాయి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ అయినా, ముంబయి ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ అయినా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయినా ఇవి లేకుండా నెగ్గుకురావడం కష్టం. మిగిలిన ఏడాదిన్నరలో రోజుకో గంట ఇంటర్ ఎంపీసీ లెక్కల పుస్తకాలు ముందేసుకుని చేయమనండి. శ్రమ, వలసల మీదే మనసుంటే తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ గురించి కూడా వాకబు చేయండి. అమ్మాయికి ఊళ్లో కూలివాళ్లతో కూర్చుని మాట్లాడే ఓపిక ఉంటే అది పెద్ద ఆస్తి. లెక్కలు నేర్పడానికి మాస్టార్లుంటారు, ఆ ఓపిక మాత్రం తనకే ఉండాలి.

ప్రశ్న: పీఎల్ఎఫ్ఎస్ (కేంద్రం చేసే శ్రామిక శక్తి సర్వే) డేటాతో కూలి, జీతాల గినీ సూచీ (అంతరాన్ని 0 నుంచి 1 దాకా కొలిచే అంకె) కట్టాను. నమ్మలేనంత ఎక్కువ వచ్చింది. తప్పెక్కడ?
– ఎం.ఏ. విద్యార్థి, ఎచ్చెర్ల

జవాబు: ముందు ఏ ఆదాయం ఎన్ని రోజులదో సరిచూసుకోండి. ఆ సర్వేలో నెల జీతగాళ్లను గడిచిన నెల జీతం అడుగుతారు, సొంత పని చేసుకునేవాళ్లను గడిచిన 30 రోజుల ఆదాయం అడుగుతారు. రోజు కూలీలకు మాత్రం గడిచిన 7 రోజుల్లో ఏ రోజుకు ఎంత వచ్చిందో రాస్తారు. ఏడు రోజుల కూలిని, నెల జీతాన్ని ఒకే వరసలో పెడితే కూలివాడు ఉన్నదానికంటే నాలుగింతలు పేదవాడిగా కనిపిస్తాడు. అందరినీ ఒక్క కొలతకు తెండి: నెల మొత్తాన్ని 30తో భాగించి 7తో గుణిస్తే వారం లెక్క వస్తుంది. రెండోది, మల్టిప్లయర్, అంటే సర్వేలో దొరికిన ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె. డేటాతో పాటు వచ్చే వివరణ పత్రంలో దాన్ని 100తోనా 200తోనా భాగించాలో, ఎన్ని త్రైమాసికాలు కలిపితే ఇంకెంతతో భాగించాలో ఉంటుంది. అది చదవకుండా ఒక్క అంకె కూడా బయటకు తీయకండి.

ఇవి సరిదిద్దాక అసలు చిక్కు మొదలవుతుంది. కాగితం మీద చేసి చూడండి. అయిదుగురి రోజు కూలి 200, 300, 400, 500, 600 అనుకుందాం. చిన్న నుంచి పెద్దకు పేర్చి, ఒక్కో కూలిని దాని వరస సంఖ్యతో గుణించి కూడితే 7,000. రెట్టింపు చేస్తే 14,000. దాన్ని మనుషుల సంఖ్య, మొత్తం కూలి గుణించగా వచ్చిన 10,000తో భాగిస్తే 1.4. అందులోంచి మనుషుల సంఖ్యకు ఒకటి కలిపి మళ్లీ మనుషుల సంఖ్యతో భాగించగా వచ్చే 6/5, అంటే 1.2 తీసేస్తే 0.20. ఇదీ గినీ. ఇప్పుడు 200 కూలి మనిషికి పని పోయింది. పని ఉన్న నలుగురికే కడితే గినీ 0.14కి దిగుతుంది. ఒక మనిషి వీధిన పడితే అంతరం తగ్గినట్టు కనిపించింది! ఆ మనిషిని సున్నాతో లెక్కలో ఉంచండి, 0.31 అవుతుంది. రెండు అంకెలూ తప్పు కావు. మొదటిది పని దొరికినవాళ్ల మధ్య తేడా, రెండోది అందరి మధ్య తేడా. మీ పట్టిక కింద ఏది కట్టారో రాయకపోతే మాత్రం అది తప్పే. ఈ రంగంలో సగం పాండిత్యం లెక్కలోంచి ఎవరు జారిపోయారో కనిపెట్టడంలోనే ఉంది.

ప్రశ్న: పలాస జీడిపప్పు పనిలో ఉన్న ఆడవాళ్ల కూలి మీద డిసర్టేషన్ చేస్తున్నాను. ‘రోజుకెంత వస్తుంది’ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతున్నారు. ఎలా అడగాలి?
– పరిశోధక విద్యార్థిని, కాశీబుగ్గ

జవాబు: కేజీల లెక్కన కూలి కట్టే చోట ‘రోజు కూలి’ అనేది మీ ప్రశ్నలోనే ఉంది, ఆమె బతుకులో లేదు. నిన్నటి రోజునే పట్టుకుని ముక్కలుగా అడగండి. ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు లేచారు, ఎన్ని కేజీలు తూచారు, కేజీకి ఎంత, విరిగిన పప్పుకు కోత వేశారా, తీసుకున్న అడ్వాన్సులో ఎంత పట్టుకున్నారు? ఇంటికి తెచ్చుకుని చేసే పనయితే ఇంకెవరి చేతులు పడ్డాయి? లెక్క తేలిగ్గా ఉండడానికి 10 కేజీలు, కేజీకి 30 రూపాయలు అనుకోండి. ఆమె 10 గంటలు కూర్చుంటే గంటకు 30 అనిపిస్తుంది. పక్కన కూతురు 2 గంటలు సాయం చేసిందని తెలిస్తే గంటకు 25. ఆ అయిదు రూపాయల తేడాయే మీ డిసర్టేషన్.

జీడి తొక్క రసానికి వేళ్లు కాలిన రోజున పని తగ్గుతుంది, కాబట్టి పని మానేసిన రోజులు కూడా అడగండి. యజమాని ఉన్న చోట అడగొద్దు. అడ్వాన్సు సంగతి చివర్లో అడగండి, మొదట్లోనే అడిగితే మిగతా జవాబులు కూడా బిగుసుకుపోతాయి.

ప్రశ్న: మా వైపు చాలామంది హైదరాబాద్, చెన్నై పోయారు, మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ పోతారు. వీళ్ల ఆదాయం ఏ సర్వేలో వస్తుంది?
– ఒక ఉపాధ్యాయుడు, సోంపేట

జవాబు: సరిగా ఎక్కడా రాదు, అదే మా బాధ. ఆరు నెలలకు మించి బయట ఉన్నవారిని మామూలుగా ఇక్కడి ఇంటి సభ్యులుగా రాయరు. అక్కడ సైటులోని రేకుల షెడ్డుకు సర్వే మనిషి వెళ్లడం అరుదు. 2007–08 జాతీయ నమూనా సర్వేలో నెల నుంచి ఆరు నెలల లోపు పని కోసం వెళ్లొచ్చినవారి గురించి విడిగా అడిగారు, అలాంటి ప్రశ్న మీ పత్రంలో పెట్టుకోండి. తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటి తలుపు తట్టకండి. అలా చేస్తే వలస వెళ్లిన కుటుంబాలే ఏరేసినట్టు పోతాయి. ఇంటి నంబరు రాసుకుని, భవన నిర్మాణం వాళ్లకయితే సంక్రాంతికి, వెరావల్ వెళ్లేవాళ్లకయితే పడమటి తీరంలో వేట నిషేధం ఉండే జూన్, జూలై నెలల్లో మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయని మా జూట్ మిల్లుల వాళ్లంటారు. ఆర్థికవేత్తలు దీన్నెలా తేలుస్తారు?
– నెల్లిమర్ల

జవాబు: 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండు వైపులా ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందూ తరవాతా సర్వే చేసి 1994లో ఫలితం ప్రచురించారు. పెంచిన చోట ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు దొరకలేదు. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అయితే ఆ ఫలితాన్ని ఎత్తుకొచ్చి జూట్ మిల్లు మీద పెట్టకూడదు. జనపనార ధర, ప్లాస్టిక్ సంచుల పోటీ వేరే సంగతులు. తెచ్చుకోవాల్సింది పద్ధతి: వేతనం మారిన చోటు, మారని చోటు, రెండింటి ముందూ వెనకా.

ప్రశ్న: 2018 విజయనగరం జిల్లా కూలి అంకెలను 2023 అంకెలతో పోల్చవచ్చా?
– బొబ్బిలి

జవాబు: నేరుగా వద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారి, పార్వతీపురం వైపు కొత్త పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. శ్రీకాకుళం నుంచి రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరంలోకి వచ్చాయి, పాలకొండ వైపు మన్యంలో కలిసింది. గిరిజన మండలాలు విడిపోతేనే సగటు కూలి పెరిగినట్టు కనిపించవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం మూడింటినీ ఒక్కటిగా కలిపి, పాత రెండు జిల్లాల మొత్తంతో పోల్చండి. మండల స్థాయి డేటా చేతిలో ఉంటే పాత హద్దులకే తిరిగి కట్టుకోవచ్చు.