సవరలో చెప్పారు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. డిగ్రీ రెండో ఏడు, జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నాను. పోయిన డిసెంబరులో గుమ్మ బ్లాకులో ఒక సవర గిరిజనుల ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు పెట్టాం. దారి ఊడ్చాం, నోటు పుస్తకాలు పంచాం, ఫొటోలు దిగాం. మా జట్టులో సవర కుర్రాడు ఒక్కడే. కట్టెలు తేవడానికీ, పిల్లల్ని పిలుచుకు రావడానికీ అతన్నే పంపేవారు. వచ్చేశాక ఎందుకో మనసు బాగోలేదు. ఈ ఏడు ప్రాజెక్టు నన్ను రాయమన్నారు. అసమానత కొంచెమైనా తగ్గే పని ఏదైనా చెప్పండి.
- ఒక విద్యార్థిని

జవాబు: నీకు వెంటనే అనిపించిందమ్మా, నాకు ఏడాది పట్టింది. కాలేజీ రోజుల్లో మేమూ ఇలాగే వెళ్ళి, ఊరి వెనక ఖాళీగా కనిపించిన వాలులో నీలగిరి మొక్కలు నాటొచ్చాం. ఊరివాళ్ళు నిలబడి చూశారు. మరుసటేడు వెళితే ఒక్క మొక్క లేదు, కందిచేను ఉంది. అది ఖాళీ జాగా కాదు, బీడుపెట్టి ఉంచుకున్న పోడు సాగు భూమి. మరి ముందే చెప్పొద్దా అని మా వాడొకడు కోప్పడ్డాడు. చెప్పారట. సవరలో చెప్పారు.

గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళో ఉన్నవారే. ఆగస్టు 29న దండలు వేస్తాం, వాడుక భాష గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం, అయిపోతుంది. సవరలకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన ముందుగా చేసిందేమిటంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకోవడం. పుస్తకాలూ, సొంత డబ్బుతో బడులూ ఆ తర్వాత. ఎన్‌ఎస్‌ఎస్ లెక్కలో ఏడాదికి 120 గంటలు. ఆ కాస్త సమయంలో మీకు సవర భాష రాదు, సరే. కానీ రెండు భాషలూ వచ్చినవాడు మీ జట్టులోనే ఉన్నాడే! అతన్ని కట్టెలకి పంపారు.

ఈసారి జట్టు నాయకుడుగా అతని పేరు రాయి. ముందు అతన్ని అడుగు సుమా, ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. క్యాంపుకి నెల ముందే ఇద్దరు ముగ్గురు అతని వెంట వెళ్ళి, పంచడానికేమీ పట్టుకెళ్ళకుండా, ఊళ్ళో కూర్చుని రండి.

నేను చూసినంతలో వాళ్ళు ముందు బయటికి తీసేది కాగితాలే. ఒకే మనిషి పేరు ఒక కార్డులో సబర అని, ఇంకోదాంట్లో శబర అని ఉంటుంది. పిల్లాడి స్కాలర్‌షిప్ అక్కడ ఆగుతుంది. పోడు పట్టా ఇంకో చిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ ఆ నేల తమ చేతిలో ఉందని చూపాలి. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పిన మాటని రాసిపెట్టినా రుజువు కింద చెల్లుతుంది, కాకపోతే అదొక్కటే చాలదు, ఇంకోటి జతచేయాలి. మీకు ఒడియా రాయడం వచ్చు కదా. అతను అడుగుతాడు, నువ్వు రాయి.

ఇది ఫొటోకి అందే పని కాదు, మీ ఆఫీసరుగారు మూతి ముడుస్తారు. పోనీ, ఊరివాళ్ళు చూపించిన చోట నాలుగు మొక్కలు కూడా నాటండి. ఇళ్ళు మాత్రం పదికి మించి పెట్టుకోవద్దు, వాటి పని తేలేదాకా క్యాంపు అయ్యాక కూడా వెళ్తూ ఉండాలి. జెరాక్సులకి డబ్బు ముందే పక్కన పెట్టు. అసలు కాగితాలు మాత్రం ఊరు దాటించకండి. ఒక ముసలాయన రేషను కార్డు నా సంచీలో పర్లాకిమిడి వచ్చేస్తే, అది ఇవ్వడానికి మళ్ళీ కొండెక్కాను. అప్పటికే ఆ నెల బియ్యం పోయాయి.